కరెంటు చార్జీల మీద అరుచుకునేముందు ఒకసారి డాబా ఎక్కండి: బిల్లు లెక్క నుంచి నెట్ మీటర్ దాకా

కరెంటు చుట్టూ మన రెండు రాష్ట్రాల్లో జరిగిన రాజకీయం మామూలుది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు వద్దన్నవాళ్ళ మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు, 2004 మే 14న రాజశేఖరరెడ్డి గారు ప్రమాణం చెయ్యగానే మొదటి సంతకం రైతుల ఉచిత కరెంటు ఫైలు మీదే పెట్టారు, 2019లో సోలార్, గాలిమరల కంపెనీలతో చేసుకున్న పాత ఒప్పందాల రేట్లు తగ్గించాలని మొదలైన గొడవ హైకోర్టు దాకా పోయింది, 2023 జులైలో తెలంగాణలో రైతుకి మూడు గంటలు చాలా ఇరవై నాలుగు గంటలు ఇవ్వాలా అని ఎన్నికల ముందు నెలలకి నెలలు కొట్టుకున్నారు, 2024 డిసెంబర్ నుంచి ఆంధ్రలో పాత ఏళ్ళ సర్దుబాటు చార్జీలు బిల్లులో పడేసరికి ఇది మీ పాపం అంటే మీ పాపం అని మళ్ళీ మొదలు.

ఇవన్నీ టీవీలో చూస్తూ పెరిగినవాడిని నేను. ఇన్ని గొడవల్లో ఒక్కరు కూడా "అమ్మా, మీ డాబా మీద రోజూ ఎండ పడుతోంది కదా, దాని సంగతేంటి" అని అడగలేదు. సోలార్ మాట వచ్చినా అది ఏ కంపెనీకి ఎన్ని వేల మెగావాట్లు ఇచ్చారు, యూనిట్ ఎంతకి కొన్నారు అనే గొడవే గానీ ఇంటి పైకప్పు దాకా రాదు. 2022 కల్లా దేశంలో ఇళ్ళ మీద, బిల్డింగుల మీద కలిపి 40 వేల మెగావాట్లు పెట్టాలని 2015లోనే టార్గెట్ పెట్టుకున్నాం, దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు, దాని మీద ఎవరూ ఎవరినీ నిలదీసింది లేదు. మొత్తం సోలార్ మాత్రం 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది, అంటే పెద్ద పెద్ద పార్కులు వచ్చాయి, మన ఇళ్ళు మిగిలిపోయాయి.

మాది తెనాలి. ఇంటి మీద 2 కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాం. అందులో నేర్చుకున్నవన్నీ రాస్తున్నా, చివర్లో ఓట్లు అడగడానికి వచ్చేవాళ్ళని ఏం అడగాలో కూడా రాస్తా, అది కూడా ఇందులో భాగమే అని నా ఉద్దేశం.

ముందు బిల్లు తియ్యండి

సోలార్ అమ్మి బిగించే వెండర్‌కి ఫోన్ చెయ్యకండి అప్పుడే. గత 12 నెలల బిల్లులు ముందేసుకోండి, డిస్కమ్ (మనకి కరెంటు ఇచ్చి బిల్లు వేసే పంపిణీ సంస్థ) యాప్‌లో సర్వీస్ నంబర్ కొడితే వస్తాయి. నెలకి ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. రూపాయలు కాదు, యూనిట్లు. ఏప్రిల్, మే ఒక్కటే చూసి భయపడొద్దు, డిసెంబర్ ఒక్కటే చూసి సంబరపడొద్దు.

ఆంధ్రలో ఇళ్ళకి స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏ స్లాబులో పడ్డ యూనిట్లకి ఆ స్లాబు రేటే. ఇప్పుడు నెలకి 300 యూనిట్లు వాడే ఇల్లు తీసుకోండి, కరెంటు చార్జీ 1,673 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాట్లు వేరే. 1 కిలోవాట్ సోలార్ మన ఎండకి నెలకి సగటున 110 యూనిట్లు ఇస్తుందనుకుందాం (రోజుకి నాలుగు యూనిట్ల లోపు, వానాకాలంలో తగ్గుతుంది). మొదటి కిలోవాట్ పెడితే 300 కాస్తా 190 అవుతుంది, బిల్లు 807 అవుతుంది, అంటే 866 మిగిలాయి. రెండోది పెడితే 80 యూనిట్లకి దిగుతుంది, ఇంకో 592 మిగులుతుంది. మూడోది పెడితే మిగిలేది 214 రూపాయలే, ఎందుకంటే అప్పటికి మీరు రూపాయి 90, మూడు రూపాయల చవక యూనిట్ల దగ్గరికి వచ్చేశారు.

ఈ లెక్క నాకు ఏ వెండరూ చెప్పలేదు. అందరూ "సబ్సిడీ ఫుల్‌గా వస్తుంది, 3 కిలోవాట్లు వేసేద్దాం" అన్నవాళ్ళే. సోలార్ ముందు కోసేది మీ బిల్లులో పైనున్న ఖరీదైన యూనిట్లని, అందుకే మీ అవసరానికి కొంచెం తక్కువ పెట్టుకున్నా నష్టం లేదు, ఎక్కువ పెట్టుకుంటే మాత్రం డబ్బు డాబా మీద పడున్నట్టే. మీరు వాడగా లైనులోకి పోయే మిగులు యూనిట్లకి డిస్కమ్ ఇచ్చే రేటు పై స్లాబు రేటు కంటే బాగా తక్కువ. రేపు ఏసీ కొనే ఆలోచన, ఎలక్ట్రిక్ స్కూటర్ ఆలోచన ఉంటే మూడు వేసుకోండి, అది వేరే సంగతి.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి లెక్క ఇంకోలా ఉంటుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి ఉంది, తెల్ల రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి బిల్లే రాదు, వాళ్ళు ఇప్పుడే సోలార్‌కి తొందరపడక్కర్లేదు. 300, 400 కాల్చే ఇళ్ళకి మాత్రం 200 దాటినవి 7.70, 300 దాటినవి 9 రూపాయలు, వాళ్ళు కచ్చితంగా లెక్క వేసుకోవాలి.

ఇంకొకటి, పాత ఏళ్ళ ట్రూ అప్ చార్జీ, అంటే మొదట్లో చెప్పిన సర్దుబాటు చార్జీ, అప్పట్లో మీరు వాడిన యూనిట్ల మీద వేసేది, సోలార్ పెట్టగానే అది ఆగిపోదు. మా ఇంట్లో మొదటి బిల్లు చూసి అమ్మ "సున్నా వస్తుందన్నావు కదరా" అంది, కూర్చోబెట్టి లైన్ లైన్ చూపించాల్సి వచ్చింది. మీరు ముందే చెప్పి పెట్టుకోండి ఇంట్లో.

డాబా మీద నీడ

1 కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు కావాలి, నీడ పడకుండా. ఇప్పుడొచ్చే 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి ఏడున్నర అడుగుల పొడుగు, 3.7 అడుగుల వెడల్పు ఉంటుంది, రెండు కిలోవాట్లకి నాలుగు ప్యానెళ్ళు. మన వైపు దక్షిణం ముఖంగా, పదిహేను డిగ్రీలు అటూఇటూ వాలుగా పెడతారు. ఇవి వెండర్ చూసుకుంటాడు. మీరు చూసుకోవాల్సింది నీడ. ప్యానెళ్ళు ఒకదానికొకటి వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద కొబ్బరాకు నీడ పడ్డా మొత్తం వరస దెబ్బతింటుంది.

మా డాబాకి వచ్చిన కుర్రాడు మెట్లెక్కి రెండు నిమిషాలు చూసి వాటర్ ట్యాంకు పక్కన వేసేద్దాం అన్నాడు. అమ్మ వెనకాలే వచ్చి "అక్కడొద్దు బాబూ, సంక్రాంతి ముందు వడియాలు అక్కడ పెడితే మూడింటికల్లా ట్యాంకు నీడ వచ్చేస్తుంది, చాప ఇటు లాక్కోవాలి" అంది. ముప్పై ఏళ్ళుగా వడియాలు, మిరపకాయలు, ఊరగాయ ముక్కలు ఎండబెట్టిన మనిషి, ఏ నెలలో ఏ మూల ఎన్ని గంటలకి నీడ వస్తుందో ఆవిడకి తెలిసినట్టు ఏ యాప్‌కీ తెలియదు. నేను ఒక సుద్దముక్క తీసుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి ట్యాంకు నీడ చుట్టూ గీత గీశా, సరిగ్గా ఆవిడ చెప్పిన చోటికే వచ్చింది. మీరూ ఇదే చెయ్యండి. డిసెంబర్‌లో అయితే మరీ మంచిది, సూర్యుడు బాగా దక్షిణానికి దిగి నీడలు పొడుగ్గా ఉండేది అప్పుడే, అప్పుడు నీడ పడని చోటు ఏడాదంతా బాగానే ఉంటుంది. పక్క ఇంటివాళ్ళు దక్షిణం వైపు ఇంకో అంతస్తు వేసే ఆలోచనలో ఉన్నారేమో కూడా మెల్లిగా కనుక్కోండి.

స్టాండు ఏడెనిమిది అడుగుల ఎత్తు లేపిస్తే కింద తిరగడానికి ఉంటుంది, ఖర్చు కొంచెం పెరుగుతుంది. మేము లేపించాం, అమ్మకి తూర్పు వైపు ఎండ వదిలేశాం.

పేపర్లు, పోర్టల్

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. సర్వీస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది చూడండి. మాది నాన్న పేరు మీద ఉంది, నాన్న పోయి నాలుగేళ్ళు. ముందు పేరు మార్పు చేయించుకోవాలి, డెత్ సర్టిఫికెట్, వారసుల కాగితం, ఇంటి పన్ను రసీదు అన్నీ పట్టుకుని తిరగాలి. సబ్సిడీకి అప్లై చేసే పోర్టల్‌లో పేరు, కరెంటు బిల్లులో పేరు, బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటే ఉండాలి, అక్షరం తేడా ఉన్నా సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటుంది. ఈ ఒక్క పని ముందు చేసుకుంటే సగం ప్రయాణం అయిపోయినట్టే.

తర్వాత పీఎం సూర్యఘర్ పోర్టల్. ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే ఈ స్కీము 2024 ఫిబ్రవరిలో వచ్చింది, కోటి ఇళ్ళు లక్ష్యం. సబ్సిడీ 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, మూడో కిలోవాట్‌కి 18 వేలు, అంతే, మొత్తం 78 వేలు దాటదు, మీరు 5 పెట్టినా 10 పెట్టినా. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్లు ఉచితంగా పెట్టే కార్యక్రమం, బీసీలకి రాష్ట్రం తరఫున అదనపు సబ్సిడీ ఉన్నాయి, మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో మీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో అడగకుండా డబ్బు కట్టెయ్యకండి. అపార్ట్‌మెంట్ వాళ్ళకి లిఫ్టు, మోటారు, కామన్ లైట్ల కోసం సొసైటీ పేరున కిలోవాట్‌కి 18 వేలు వస్తుంది.

సర్వీస్ నంబర్, మొబైల్‌తో రిజిస్టర్ చేసుకుని అప్లై చెయ్యడం, పోర్టల్ జాబితాలో ఉన్న వెండర్‌ని ఎంచుకోవడం, బిగించాక వివరాలు ఎక్కించడం, డిస్కమ్ వాళ్ళు వచ్చి చూసి నెట్ మీటర్ (లైను నుంచి మనం తీసుకున్నదీ, లైనులోకి మనం పంపిందీ రెండూ లెక్కపెట్టే మీటర్) పెట్టడం, చివర్లో బ్యాంకు వివరాలు ఇవ్వడం, వరస ఇదే. 10 కిలోవాట్ల లోపు అయితే మీ లైను తట్టుకుంటుందా లేదా అనే ఫీజిబిలిటీ స్టడీ లేకుండానే అప్లికేషన్ ఓకే అయినట్టు లెక్క, 2024లో కేంద్రం నిబంధనలు అలా మార్చింది. 5 కిలోవాట్ల లోపు సిస్టమ్ కోసం ట్రాన్స్‌ఫార్మరో లైనో పెంచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కమ్‌దే. ఎవరైనా "మీ ట్రాన్స్‌ఫార్మర్ చాలదు, మీరే కట్టాలి" అంటే ఈ మాట గుర్తు చెయ్యండి, మర్యాదగానే, రాతపూర్వకంగా ఇమ్మనండి.

డబ్బు సంగతి. 2 కిలోవాట్లకి అటూఇటూగా లక్షా 20, 30 వేలు అవుతోంది, 60 వేలు సబ్సిడీ పోతే 70 వేల లోపు మనది. సోలార్ మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది, కొటేషన్‌లో 5 ఉందో లేదో చూసుకోండి. పైన చెప్పిన లెక్కలో ఏడాదికి 17 వేలు మిగులుతుంది, కానీ ఎవరూ 12 నెలలూ 300 కాల్చరు కాబట్టి ఐదేళ్ళలో తిరిగొస్తుందనుకోండి. ప్యానెళ్ళు 25 ఏళ్ళ పనితీరు వారంటీతో వస్తాయి. బ్యాంకులు ఈ స్కీము కింద తాకట్టు లేకుండానే తక్కువ వడ్డీకి లోన్ ఇస్తున్నాయి.

బిగించే రోజు ఇంట్లోనే ఉండండి

సెలవు పెట్టండి ఆ రోజు. సబ్సిడీ రావాలంటే సెల్లు, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైనవే ఉండాలి, డీసీఆర్ ప్యానెల్ అంటారు, ఆ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద సీరియల్ నంబర్లు ఫోటో తీసుకుని దానితో సరిచూసుకోండి. ఒకసారి బిగించాక కిందకి దూరి చూడటం కష్టం.

స్టాండు జీఐది (జింకు పూత పూసిన ఇనుము), తుప్పు పట్టనిది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను మా పక్కనే బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు షెడ్ల రేకులు ఎట్లా లేచిపోయాయో చూశాం, కాబట్టి స్టాండు కాళ్ళు ఊరికే శ్లాబు మీద బోల్టు కొట్టి వదిలెయ్యకుండా కాంక్రీటు దిమ్మలు పోయించాం. కోస్తాలో ఉన్నవాళ్ళు దీని దగ్గర పిసినారితనం చెయ్యొద్దు. బోల్టు కొట్టినచోట శ్లాబు కురవకుండా సీల్ చేయించండి.

ఎర్తింగ్. ఇంటికి పోయే ఏసీ కరెంటు వైపు ఒకటి, ప్యానెళ్ళ నుంచి వచ్చే డీసీ కరెంటు వైపు ఒకటి, పిడుగు రాడ్‌కి ఒకటి, మూడు వేరు వేరు గుంటలు. మా దగ్గర మూడు వైర్లూ కలిపి ఒకే గుంటలో దించేశారు, నేను ఆఫీసుకి వెళ్ళిన పూట. వెండర్‌తో రెండు వారాలు ఫోన్ల మీద ఫోన్లు, మిగతా రెండు గుంటలు తవ్వేదాకా చివరి ఇన్‌స్టాల్‌మెంట్ ఇవ్వనని గట్టిగా కూర్చుంటే తప్ప కదల్లేదు. అందుకే డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి, కొంత భాగం నెట్ మీటర్ పెట్టాకే అని ముందే మాట్లాడుకోండి. ఐదేళ్ళ మెయింటెనెన్స్ వెండర్ బాధ్యత, అది అగ్రిమెంట్‌లో ఉంటుంది, చదివి సంతకం పెట్టండి.

ఇంకో మాట, ఇది తెలియక చాలామంది నిరాశ పడుతున్నారు. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే. లైను మీద ఎక్కిన లైన్‌మన్‌కి మన డాబా మీద నుంచి షాక్ కొట్టకూడదని సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) దానంతట అదే కట్టేసుకుంటుంది, అది లోపం కాదు, ఒక మనిషి ప్రాణం. కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ సిస్టమ్ కావాలి, ఖర్చు బాగా ఎక్కువ.

తర్వాత పెద్దగా పని లేదు. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామునో సాయంత్రమో మామూలు నీళ్ళతో కడగండి, మధ్యాహ్నం వేడి అద్దం మీద చల్లనీళ్ళు పొయ్యకండి, బోరు నీళ్ళయితే తెల్లటి మచ్చలు పడతాయి, వెంటనే తుడవాలి. కరీంనగర్‌లో మా బావగారి ఇంటి మీద కోతులు వైర్లు లాగేస్తుంటే పైపుల్లోంచి తీయించి క్లాంపులు కొట్టించారు. మే నెలలో ఎండ ఎక్కువ కదా కరెంటూ ఎక్కువ వస్తుందనుకుంటాం, కానీ ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది, మాకు మార్చిలోనే బాగా వచ్చింది.

ఓటు అడగడానికి వచ్చినప్పుడు

మీ లెక్క మీ చేతిలో ఉన్నాక నాయకులతో మాట్లాడే తీరే మారిపోతుంది. "చార్జీలు తగ్గిస్తారా" అని అడిగితే తగ్గిస్తాం అంటారు, అక్కడితో అయిపోతుంది. దాని బదులు, బిగించాక 15 రోజుల్లో డిస్కమ్ నెట్ మీటర్ పెట్టి కనెక్షన్ ఇవ్వాలని రూల్ ఉంది కదా, మన సెక్షన్‌లో ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో చెప్పించండి అని అడగండి. మన మండలంలో ప్రభుత్వ బడులు, ఆసుపత్రి, మార్కెట్ యార్డు మీద ఎన్ని కిలోవాట్లు ఉన్నాయో అడగండి. అద్దె ఇంట్లో ఉన్నవాడికి, రేకుల ఇంట్లో ఉన్నవాడికి డాబా లేదు, వాళ్ళకి ఊళ్ళో ఒకచోట పెట్టిన ప్లాంటు నుంచి వాటా యూనిట్లు బిల్లులో తగ్గించే పద్ధతి మన దగ్గర ఎప్పుడు అమలు చేస్తారు అని అడగండి. నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఇప్పుడున్న స్కీము సొంత డాబా ఉన్నవాడికే చుట్టం.

రైతు సంగతీ అడగాలి. ఎన్ని గంటలు అని కొట్టుకుంటారు గానీ రైతుకి కావాల్సింది పగటి కరెంటు, అర్ధరాత్రి టార్చి పట్టుకుని పాముల మధ్య మోటారు వెయ్యడానికి పోవక్కర్లేని కరెంటు. సోలార్ వచ్చేది సరిగ్గా ఆ వేళల్లోనే. 2019లో మొదలైన కేంద్రం కుసుమ్ పథకంలో వ్యవసాయ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి రైతుల మోటార్లకి పోయే లైను) దగ్గరే చిన్న సోలార్ ప్లాంటు పెట్టే వీలుంది. మన సబ్‌స్టేషన్ కింద ఎన్ని ఫీడర్లకి పెట్టారు?

"రాత్రి సూర్యుడు ఉండడు కదా" అంటారు, అది న్యాయమైన మాటే, దానికి జవాబు మన దగ్గరే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, అవి కరెంటు మిగిలినప్పుడు కింద నీళ్ళని మళ్ళీ పైకి తోడి అవసరమైనప్పుడు కిందకి వదలగలిగే రకం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇలాగే నీళ్ళు పైకి తోడి దాచుకునే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉంది. "పై స్లాబు వాళ్ళందరూ సోలార్‌కి పోతే పేదవాడి సబ్సిడీకి డబ్బు ఎక్కడిది" అని కూడా అంటారు, ఇది ఇంకా గట్టి ప్రశ్న, దీనికి వాళ్ళ ప్లాను ఏంటో వాళ్ళనే చెప్పమనండి, డిబేట్ జరగాల్సింది దీని మీదే.

మా వార్డుకి ప్రచారానికి ఒకాయన వచ్చినప్పుడు నేను రెండు బిల్లుల జిరాక్సులు జేబులో పెట్టుకుని వెళ్ళా, సోలార్‌కి ముందుది ఒకటి, తర్వాతది ఒకటి. చార్జీల గురించి ఆయన చెప్పాల్సింది చెప్తుంటే ఆగి అవి చేతిలో పెట్టా. రెండూ పక్కపక్కన పెట్టి కాసేపు చూశారు, "ఇది ఇదే ఇల్లా" అని అడిగారు, అవునన్నా. పక్కనున్న కుర్రాడితో రెండిటికీ ఫోటో తియ్యమని చెప్పి, మా డాబా వైపు తలెత్తి చూశారు.